ఖారాసర్ దగ్గర ఆగిన బస్సు

పిట్ట ముట్టలేదు.

ఇంద్రేశం శివారులో, రాజవ్వ మూడెకరాల గట్టు మీద విస్తరాకు పరిచి గంట దాటింది. అన్నం, కోడికూర, గుడాలు, సీసాలో కల్లు, రెండు చుట్టలు, వాటి పక్కన దొన్నె నిండుగా వంకాయ కూర. కాకులు రాకపోలేదు. వచ్చి కరెంటు తీగ మీద కూర్చున్నాయి. ఒకటి కిందికి దిగి ఆకు చుట్టూ తిరిగి మళ్ళీ ఎగిరిపోయింది. రాజవ్వ పదకొండో రోజు తిండికి వచ్చిన చుట్టాల ముఖాలు మాడిపోయాయి. చచ్చిన మనిషికి ఏదో కొరత ఉండిపోయిందని ఎవరికి వారే గొణుక్కుంటున్నారు.

పోచయ్య కాకులను చూడటం లేదు. పక్క చేనులో ప్లాట్లకు పాతిన తెల్లరాయి మీద కూర్చొని, రాజవ్వ మరిది కొడుకు మొగులయ్యను చూస్తున్నాడు. గుండు చేయించుకొని, తెల్ల పంచె కట్టుకొని, చేతులు జోడించి నిలబడ్డాడు మొగులయ్య. రాజవ్వకు పిల్లలు లేరు. ఆమె పోతే ఈ మూడెకరాలూ ఇతనివే. రోడ్డు పక్క భూమి. చుట్టూ అన్నీ ప్లాట్లయ్యాయి, ఇదొక్కటే మిగిలింది.

పోచయ్య ఒకప్పుడు హెడ్ కానిస్టేబులు. చూడనిది చూశానని పంచనామాలో సంతకం పెట్టమంటే పెట్టక, ఉద్యోగం వదిలి వచ్చాడు. సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర సైకిల్ షాపు పైన ఒక గది, గుమ్మానికి ఒక బోర్డు. పోలీసులు కాదన్నవాళ్ళే అతని గుమ్మం ఎక్కుతారు. ఈసారి ఎక్కినవాడు ఐలన్న, పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ వాచ్‌మన్. అతని భార్య బక్కమ్మ మూడు రోజులుగా లాకప్‌లో ఉంది.

బక్కమ్మ యాత్ర బస్సులో వంటమనిషి. పటాన్‌చెరు నుంచి నలభై మందితో కాశీ, గయ, ప్రయాగ, మథుర, పుష్కర్ మీదుగా ఎడారి దాటి ద్వారక చూసి వచ్చిన బస్సు అది. ఎడారిలో, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో నిలవ ఉంచిన వంకాయ కూర పెట్టిందనీ, అది తిన్న రాజవ్వ రాత్రంతా వాంతులు చేసుకుని, ఖారాసర్ అనే చిన్న ఊళ్ళో ఆస్పత్రిలో ప్రాణం విడిచిందనీ, తానే అక్కడ దహనం చేసి బూడిద తెచ్చాననీ మొగులయ్య ఫిర్యాదు. ఈ సాయంత్రం నాలుగింటికి బక్కమ్మను కోర్టుకు పంపుతారు. అక్కణ్ణుంచి జైలుకు.

“ఆకుల వంకాయ ఎవడు పెట్టిండురా?”

అరిచింది నర్సింహమ్మ. రాజవ్వతో ఒకే సీటులో కూర్చొని ఆ దారంతా తిరిగి వచ్చిన ముసలామె. కొంగు నడుముకు బిగించి ముందుకొచ్చింది.

“నేనే పెట్టిన చిన్నమ్మా,” అన్నాడు మొగులయ్య. “పెద్దమ్మకు వంకాయంటే పానం గద.”

“పానమే. ఎవడు కాదన్నడు? గయల వదిలేసింది గద దాన్ని! వదిలిన కూర తెచ్చి ఆకుల పెడ్తవా? పిట్టెట్ల ముడ్తదిరా, సదువుకున్న బేకూఫ్!”

మొగులయ్య జోడించిన చేతులు విడిపోయాయి.

గయకు పోయినవాళ్ళు ఒక కాయ, ఒక పండు అక్కడ వదిలేసి వస్తారు. మళ్ళీ చచ్చేదాకా వాటిని నోట పెట్టరు. ఈ ఊళ్ళల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది.

“అందరం కాకరకాయ వదిలినం,” నర్సింహమ్మ చుట్టూ ఉన్నవాళ్ళకు చెబుతోంది. “నాకు కాకరకాయ పడనే పడది, నాదేం పోయింది? గా పిచ్చిది వంకాయ వదిలింది. ‘నచ్చింది వదిల్తెనే వదిలినట్టు నర్సీ’ అన్నది. గానాడు సంది బక్కమ్మ వంకాయ వండినప్పుడల్లా దీనికి అలగ్ పచ్చిపులుసు చేసి పోసేది. పచ్చిపులుసు తాగుకుంట మా ఆకుల దిక్కు సూసేది, ముండ.”

నవ్వబోయి ఏడ్చింది ముసలామె.

పోచయ్య రాయి మీద నుంచి లేచాడు.

“మొగులయ్యా, గయల నువ్వెక్కడున్నవ్?”

“బస్సుకాడ సారు. బండి కింద కమాన్‌పట్టీ ఇరిగింది. డ్రైవర్‌తోని మెకానిక్ షాపుకు పోయిన.”

“తర్వాత? దినాం ఒక్క బస్సుల తిన్నరు గద. మీ పెద్దమ్మ వంకాయ తింటలేదని తెల్వదా?”

“మొగోళ్లం అలగ్ కూసుంటుంటిమి. ఆడోళ్ల ఆకులు నేనెందుకు సూస్త?”

“మంచిది. ఆడోళ్ల ఆకులు సూడవు. మరి ఖారాసర్ ముందు రాత్రి ఆమె వంకాయ కూర తింటుంటే ‘కండ్లార సూసిన’ అని కంప్లైంటుల ఎట్ల చెప్పినవ్?”

మొగులయ్య పెదవులు తడుపుకున్నాడు.

“బక్కమ్మ వంకాయ చేసింది. తిన్నదనుకున్న. ఊరోళ్లు దినాం వచ్చి ఎట్ల సచ్చింది, ఎట్ల సచ్చింది అని పానం తీసిండ్రు. ఏదో ఒకటి చెప్పాలె గద సారు.”

“ఏదో ఒకటి. దానికి ఒక ఆడిది జైలుకు పోవాలె.”

మొగులయ్య వంగి, ఆకులోంచి వంకాయ కూర దొన్నె తీసుకుని, పారేసి వస్తానన్నట్టు గట్టు దిగి వెళ్ళాడు. పోచయ్య వెంట పడలేదు. అందరి ముందూ ఇంత తొందరగా నిలదీసి ఉండాల్సింది కాదని అప్పుడు తట్టింది. డిపార్ట్‌మెంటు వదిలినా పోలీసు కోపం వదల్లేదు.

ఐలన్న టీవీఎస్ మోపెడ్ మీద వెనక కూర్చొని పోచయ్య యాత్ర బస్సు దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. హైవే పక్క షెడ్డులో చక్రాలు ఊడదీసి పెట్టారు. కింద నుంచి రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి.

“కిష్టప్పా, బయటికి రా.”

డ్రైవర్ కిష్టప్ప గ్రీజు చేతులతో పాక్కుంటూ వచ్చాడు. ఐలన్నను చూడగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“నాకేం తెల్వదు సారు. నేను బండి నడిపేటోన్ని.”

“గదే చెప్పు. బండి ఎట్ల నడిపినవో చెప్పు. పుష్కర్ నుంచి మొదలుపెట్టు.”

డ్రైవర్‌ను దారి గురించి అడిగితే నోరు మూసుకోలేడు. పోచయ్యకు ఆ సంగతి తెలుసు.

“ఏం చెప్పాలె సారు. పుష్కర్ దాటినంక ఊర్లు ఊర్ల లెక్క ఉండయి. నాలుగు ఇండ్లు, ఒక చాయ్ డబ్బా, మంచంల పండుకున్న మనిషి. గంతే. మళ్ల ఒక పూట ఏముండది. రోడ్డు మీద ఇసుక పారుతది, మన దిక్కు వాన నీళ్లు పారినట్టు. మొదలు ఒంటె కనవడితె ముసలోళ్లు సప్పట్లు కొట్టిండ్రు. తెల్లారి అదే ఒంటె, అదే ఇసుక. ఇగ కండ్లు మూసుకున్నరు. భజన బంద్. బక్కమ్మ పొయ్యి పెట్టాలంటె గాలికి అగ్గి నిలువది. బస్సు అడ్డం పెట్టి, నేను దుప్పటి పట్టుకుంటె అన్నం వండింది.” అతను ఐలన్న వైపు మొదటిసారి చూశాడు. “గసుంటి మనిషి ఆమె. నాకు తెల్వదా?”

“తెలిస్తె ఎందుకు చెప్పలే? రాజవ్వ రాత్రంతా కక్కుకుందా?”

“కక్కుడా? ఎవలన్నరు?”

“మొగులయ్య.”

కిష్టప్ప గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

“కక్కలే సారు. పొద్దుగాల ఇసుక గాలి లేసింది. అద్దాలు మూసినా లోపలికి వచ్చింది. ముసలామెకు మొదలే ఆయాసం. ఊపిరాడలే. ఒడ్డున పడ్డ చేప లెక్క నోరు తెరిసింది. ఖారాసర్‌ల ఆపిన. ఒక జీపోడు దొరికిండు. నేనొస్త అన్న. ‘నలభై మందిని ఇడిసిపెట్టి ఏడికొస్తవ్’ అని మొగులయ్య ఒక్కడే ఎక్కించుకుని పోయిండు.”

“మళ్ళీ ఎప్పుడొచ్చిండు?”

“తెల్లారి. బూడిద ముంత పట్టుకుని.”

“నువ్వు శవాన్ని చూసినవా?”

“లే.”

“బస్సుల ఎవరన్న చూసిండ్రా?”

“గాలి ఆగలే సారు. ఎవ్వలు దిగలే. ముంత సూసి అందరు ఏడ్సిండ్రు. సూతకం అన్నరు, ఎన్కకు పోదామన్నరు. పైసలు కట్టిన ద్వారక ఇడిసిపెట్టనీకి మళ్ల ఎవలు ఒప్పుకోలే.”

“ఇవన్ని సర్కిల్ సారుకు చెప్పినవా?”

“నన్నెవలు అడిగిండ్రు? బస్సు సేటు నోర్మూస్కోమన్నడు. వచ్చే నెల ఇంకో ట్రిప్పు ఉన్నది.”

“చిన్నప్పటి సంది బక్కక్క అని పిలిచినవ్,” అన్నాడు ఐలన్న. కిష్టప్ప తల వంచుకున్నాడు.

పోచయ్య బస్సెక్కాడు. ఇసుక ఇంకా ఉంది, సీట్ల సందుల్లో, కిటికీ గాడుల్లో, ఎర్రగా, పిండిలా. ప్రతి కిటికీ పైనా ఒక మేకు. యాత్రకు పోయినవాళ్ళు సంచులు తగిలించుకున్న మేకులు. అన్నీ ఖాళీ. ఎడమ వైపు మూడో సీటు మీద మాత్రం ఒక పసుపు పచ్చ గుడ్డ సంచి వేలాడుతోంది.

“రాజవ్వది,” కింద నుంచి కిష్టప్ప చెప్పాడు. “మొగులయ్యను తీస్కపొమ్మన్న. సచ్చినోళ్ల సంచి నాకెందుకన్నడు.”

పోచయ్య సీటు మీద గుడ్డ పరిచి ఒక్కొక్కటే తీసి పెట్టాడు. లక్క ముద్ర వేసిన గంగ చెంబు. కాశీదారాల కట్ట. చెక్క దువ్వెన. చుట్టల డబ్బా, సగం నిండుగా. కొత్త రవికె గుడ్డలు, ఇంటి ఆడపడుచులకు కాబోలు. సంచి లోపల పక్కన ఒక జేబు కుట్టి, దానికి గుండీ పెట్టుకుంది ముసలామె. గుండీ విప్పి ఉంది. జేబులో ఏమీ లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆస్పత్రి వాసన. కుట్టు మూలలో వేలు పెడితే బిళ్ళల రేకు చిరిగిన ముక్క ఒకటి గోటికి తగిలింది.

“ఇందుల ఏముండె?”

“ఆయాసం గోలీలు. పూటకోటి మింగుతుండె. దినాం నాకు సూపించి, ‘ఇవి ఉన్నన్ని దినాలు నేనుంట కిష్టప్పా’ అని నవ్వుతుండె.”

“ఇప్పుడు లేవు. జీపు ఎక్కినప్పుడు తీసుకపోయిండ్రా?”

“లే. అప్పుడు పరేషాన్‌ల సంచి మీద ఎవలకు సోయి?” కిష్టప్ప నుదుటి మీద గ్రీజు పూసుకున్నాడు. “తెల్లారి తీసిండు సారు. ముంత తెచ్చి సీటు కింద పెట్టిండు. పెట్టి, గా జేబుల చెయ్యి పెట్టి గోలీలన్ని తీసి అంగీల వేసుకుండు. ఆస్పత్రి బిల్లు కట్టొస్త అని మళ్ల జీపెక్కిండు. అరగంటల వచ్చిండు.”

“బూడిద తెచ్చినంక?”

“ఆ. తెచ్చినంకనే.”

పోచయ్య సీటు మీద కూర్చున్నాడు.

అతని ఇంట్లో గూట్లో ఒక అట్టపెట్టె ఉంది. భార్య పోయి ఆరేళ్ళు. చీరలు చెల్లెళ్ళు పంచుకున్నారు, గిన్నెలు వాడుకలో పడ్డాయి, మంచం ఎవరికో ఇచ్చేశాడు. ఆమె మందులు మాత్రం ఆ పెట్టెలో అలాగే ఉన్నాయి. ఎవరూ అడగలేదు. ఎవరికీ పనికిరావు. మనిషి పోయిన మరుక్షణం ఇంట్లో అన్నిటికంటే ముందు విలువ పోయేది వాటికే.

చచ్చిన మనిషి మందులను ఎవరూ జేబులో వేసుకుని పరిగెత్తరు.

మొగులయ్యకు చంపేంత ధైర్యం లేదు. వదిలేసే ధైర్యం ఉంది. అక్షరం రాని ముసలిది, తెలుగు తప్ప మరో మాట తెలియనిది. ఎడారి ఊళ్ళో ఏ సత్రం అరుగు మీదో కూర్చోబెట్టి, బస్సు మళ్ళీ వస్తుందని చెప్పి, పాపం అంటకుండా చేతిలో మందులు పెట్టి వచ్చాడు. బూడిదకేం కరువు? ఏ పొయ్యిలోనైనా దొరుకుతుంది.

“ఐలన్నా, బండి తియ్యి,” అన్నాడు. “రాజవ్వ సావలే.”

స్టేషన్ చేరేసరికి మూడు దాటింది. వరండాలో, గోడకు ఆనుకుని బక్కమ్మ కూర్చొని ఉంది. పక్కన ఆడ కానిస్టేబులు. ముందు సీలు వేసిన ఇత్తడి గిన్నె.

“గిన్నెకు కూడ అరెస్టేనా బక్కమ్మా?”

“మూడు దినాల సంది ఇద్దరం గీన్నే ఉన్నం సారు. అది నా కంటె నయం, అన్నం అడగది.” నవ్వే ఓపిక లేక అక్కడితో ఆపింది. “కళాయి పోలే సారు. అంచుల గీసుకపోయింది, గంతే.”

“రాజవ్వ గయల వంకాయ వదిలిందని ఎందుకు చెప్పలే?”

“సర్కిల్ సారు వంకాయ చేసినవా అన్నడు. చేసిన అన్న. చాలు అన్నడు.”

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకటరామయ్య లోపల బల్ల మీద కాగితాలు సర్దుతున్నాడు. ఇస్త్రీ నలగని మనిషి. పోచయ్యను చూసి కుర్చీ చూపించలేదు.

“ఏమయ్యా పోచయ్యా, బోర్డు పెట్టుకున్నాక బాగానే తిరుగుతున్నావే. ఇంద్రేశంలో కర్మ చేసుకుంటున్నవాణ్ణి నిలబెట్టి నలుగురిలో నిలదీశావట?”

“నిలదీసిన సార్. వాడు అబద్ధం చెప్పిండు. రాజవ్వ ఆ కూర తినలే. తినది. ఆమెకు కక్కుళ్లు కాలే, ఆయాసం వచ్చింది. డ్రైవర్ చెప్తడు.” మందుల సంగతి వరకూ ఆగకుండా చెప్పాడు. “ఆమె బతికే ఉన్నది. మనిషి సావనిదే బక్కమ్మ మీద కేసు ఎక్కడిది?”

వెంకటరామయ్య మొత్తం విన్నాడు. పెన్ను మూత పెట్టాడు.

“కాకి ముట్టలేదు. గోలీలు కనబడలేదు. ఈ రెండింటికి నేను కేసు మూసెయ్యాలి. డిపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు కూడా నువ్వు ఇంతే. సంతకం పెట్టమంటే పెట్టవు, సాక్ష్యం తెమ్మంటే కథ తెస్తావు.”

“సంతకం పెట్టినోళ్లు ఇన్‌స్పెక్టర్లయిండ్రు సార్. నేను అందుకు ఏడుస్తలేను. మొగులయ్యను పిలిపించండి. నా ముందర కూర్చోబెట్టండి. పది నిమిషాలు చాలు.”

“పిలిపించలేను.” వెంకటరామయ్య మొదటిసారి నవ్వాడు. “ఊళ్ళో లేడు. పన్నెండున్నరకు ఇక్కడికే వచ్చాడు. చావు సర్టిఫికెట్ లేకపోతే కోర్టులో కేసు నిలవదని వచ్చిన రోజు నుంచీ వాడి వెంటపడుతున్నాను. అదిగో ఇదిగో అని తప్పించుకున్నాడు. ఇవాళ తనంతట తానే వచ్చి, ఇప్పుడే పోయి ఖారాసర్ నుంచి సర్టిఫికెట్ తెస్తానన్నాడు. మా జీపులోనే కాచిగూడ పంపాను. అజ్మీర్ బండి ఎక్కించి ఇప్పుడే మావాడు ఫోన్ చేశాడు. నీ పది నిమిషాలు వాడికి వద్దట.”

పోచయ్య బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

“ఏం సర్టిఫికెట్ తెస్తడు సార్?”

“చెప్పానుగా. చావు…”



“మనిషి సావకుంట ఏ ఆస్పత్రి ఇస్తది?” పోచయ్య గొంతు పెంచలేదు. “వదిలేసి వచ్చినోడు, చంపలేక వచ్చినోడు. మూడు దినాలు మీరు తరిమిండ్రు. ఇవాళ పొద్దున నేను బెదిరించిన. ఇద్దరం కలిసి వాడికి ధైర్యం ఇచ్చినం. ఫోన్ చెయ్యండి సార్. అక్కడి పోలీసులకు చెప్పండి. తెలుగు మాట్లాడే ముసలామె, సత్రాలు వెతకమనండి.”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఫోను మీద పడింది. పడి, అక్కడే ఉంది. ఫోను ఎత్తితే అటువైపు వాళ్ళు మొట్టమొదట అడిగేది, వాణ్ణి పంపిందెవరని.

“వేరే రాష్ట్రం అది. ఎస్పీగారితో మాట్లాడాలి. రేపు…”

“రేపటికి వాడు సగం దారిల ఉంటడు.”

చెయ్యి ఫోను మీద నుంచి కాగితాల మీదికి జరిగింది. “బక్కమ్మను కోర్టుకు పంపే టైమయింది. నువ్వు బయటికి నడు.”

పోచయ్య బయటికి వచ్చాడు. ఐలన్న మెట్ల దగ్గర మోపెడ్ పట్టుకుని నిలబడ్డాడు.

“మీ కంపెనీ గేటుకాడ రాజస్థాన్ లారీ ఏదన్న ఉన్నదా?”

“డ్రమ్ములు దించి ఒకటి ఖాళీగ ఉన్నది సారు. సర్దార్జీ, ఇంకో డ్రైవరు. రాత్రంత నడుపుతరు. ఎంత నడిపినా రైలును అందుకుంటరా?”

“తెల్వదు. స్టార్ట్ చెయ్యి.”

కానిస్టేబులు బక్కమ్మను జీపు వెనక ఎక్కిస్తోంది. కిటికీలోంచి లోపలి మాటలన్నీ వినపడ్డాయి ఆమెకు. చువ్వ పట్టుకుని తల బయటికి పెట్టింది. మొగుడి వైపు చూడలేదు.

“సారూ, అంటే రాజవ్వ ఉన్నదా?”

“ఈ పొద్దు దాక ఉన్నది. నీ కేసు, ఆమె పానం రెండు ఒక్కటే ఇప్పుడు.”

“గాడ సజ్జరొట్టె గట్టిగుంటది సారు. ఆమెకు పండ్లు లేవు. నానబెట్టి ఇచ్చేటోళ్లు ఉండరు.” జీపు కదిలింది. బక్కమ్మ గొంతు ఇంజను మోతలో తెగి తెగి వినిపించింది. “జల్దీ పో సారూ. గా మొగులిగాన్ని సూడంగనే సంబురపడ్తది. తనను తీస్కపోను వచ్చిండనుకుంటది.”